ఒకటిన్నర పైపు

ఆరున్నరకు అనసూయమ్మ ఇంటి వెనక నీళ్ల గోళెం ఉంది. అయిదు నిమిషాల తర్వాత లేదు. గోళెం కింది బండ లేదు. బండ పక్కన జామచెట్టు కూడా లేదు. ఆ చోట నులకమంచం పట్టేంత గుంత ఉంది. దాని అంచులు కత్తితో కోసినట్టు నిటారుగా ఉన్నాయి.

అనసూయమ్మ మనవరాలు వైశాలి నోట్లో బ్రష్షుతో గుంతకు నాలుగడుగుల దూరంలో నిలబడిపోయింది. నురగ గడ్డం మీదికి కారుతున్నా తుడుచుకోలేదు. బడికి పిలుచుకుపోదామని వచ్చిన సుభాషిణి ఆ పిల్ల చెయ్యి పట్టి వెనక్కి లాగింది. ఇద్దరూ మరాఠీ మీడియంలో పదో తరగతి. ఒకే బెంచి.

“అగ, ఇప్పుడే మగ్గు ముంచుకున్న,” అంది వైశాలి. “ముంచుకొని ఇటు తిరిగిన. అంతే.”

చేతిలో మగ్గు ఇంకా ఉంది. అందులో నీళ్లూ ఉన్నాయి.

బస్తీ అంతా పోగయింది. వైశాలి తండ్రి ప్రహ్లాద్ ఆటో నడుపుతాడు. అతను ఒక రాయి తీసి గుంతలో వేశాడు. అందరూ చెవులు రిక్కించారు. చప్పుడు రాలేదు.

“కాయ్ బాబా, రాయి ఎటు పాయె?” అన్నాడు. ఎవరూ నవ్వలేదు.

సుభాషిణి తాత రాయమల్లు జనాన్ని తప్పించుకుంటూ ముందుకు వచ్చాడు. రుమాలు తీసి భుజాన వేసుకుని అంచు దగ్గర బోర్లా పడుకున్నాడు. తల గుంత మీదికి వంచి చాలాసేపు చూశాడు. లేచి చేతుల మట్టి దులుపుకుంటూ, తనలో తాను మాట్లాడుకున్నట్టు, “ఇది కాదు,” అన్నాడు.

పక్కనే ఉన్న సుభాషిణి విన్నది.

“ఏది కాదు తాతా?”

“ఏం లేదు. నువ్వు బడికి పో.”

రాయమల్లు మంథని దగ్గరి ఊరి నుంచి పంతొమ్మిదేళ్లప్పుడు సరిహద్దు దాటి మరాఠీ ప్రాంతంలోని ఈ బొగ్గుబాయిలో పనికి వచ్చాడు. బల్లార్పూర్ దారిలో బామ్ని దాటాక ఉన్న ఆ బాయి చుట్టూ తెలుగువాళ్లు ఇళ్లు వేసుకున్నారు. ఏటవాలు దారిలో నడిచి దిగే బాయి కాబట్టి బస్తీకి ఇంక్లైన్ బస్తీ అని పేరు వచ్చింది. బాయి మూతబడి పదిహేనేళ్లు దాటింది. దాని నోటికి గోడ కట్టేశారు. బస్తీ మాత్రం పెరిగింది.

ఆయన ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. ఎవరింటికి వెళ్లినా మనిషి కంటే ముందు పైకప్పు చూస్తాడు. నడిచేటప్పుడు పెదవులు కదులుతుంటాయి. చిన్నప్పుడు సుభాషిణి అది జపం అనుకునేది. అది లెక్క. బాయిలో ఆయన పని ఇనుప పైపులు మోసి, ఒకదానికొకటి బిగించడం. మోసేటప్పుడు లెక్కపెడితే బరువు తెలియదని మొదటి వారంలోనే ఎవరో చెప్పారట. ఆ అలవాటు రిటైరయ్యాకా పోలేదు. కిరాణా కొట్టు ఎన్ని అడుగులో, బస్టాండు ఎన్ని అడుగులో అడిగితే చెప్తాడు.

ఆయనకు మరాఠీ చదవరాదు. సుభాషిణికి తెలుగు చదవరాదు. బస్తీలో అతికించే ప్రతి కాగితాన్నీ ఆమే చదివి తెలుగులో చెప్పాలి. వాళ్ల నాన్న గడ్‌చాందూర్ సిమెంటు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని చేస్తూ వారానికొకసారి వస్తాడు. కాబట్టి ఇంట్లో కాగితాల పెద్ద ఆమే.

ఆ మధ్యాహ్నం బొగ్గు కంపెనీ ఆఫీసువాళ్లు వచ్చి మూడు టిప్పర్ల ఇసుక గుంతలో పోయించారు. గోడకు నోటీసు అతికించారు. సుభాషిణి బడి నుంచి వచ్చేసరికి తాత ఆ నోటీసు ముందే నిలబడి ఉన్నాడు.

“గుంతకు యాభై మీటర్ల లోపల ఉన్న పదమూడు కుటుంబాలు మళ్లీ చెప్పేదాకా సమాజ్ మందిర్‌ల ఉండాలట.”

“ఏ మందిర్?”

“మన బస్తీదే తాతా. ఇంకేది?”

“మల్ల చదువు.”

మళ్లీ చదివింది. ఆ పూట తాత కంచంలో చెయ్యి పెట్టి, తినకుండానే కడిగేసుకున్నాడు. సమాజ్ మందిర్‌లో మాత్రం సందడిగా ఉంది. బస్తీవాళ్ల పెళ్లిళ్లకు, సభలకు నాలుగేళ్ల కిందట కట్టిన స్లాబు బిల్డింగు అది. నాలుగు ఫ్యాన్లు. ఇంటికంటే ఇక్కడే బాగుందని వైశాలి గడప మీద కూర్చుని చెప్పింది.

శనివారం పొద్దుటి బడి. పదకొండున్నరకు సుభాషిణి ఇల్లు చేరేసరికి తాత బట్టలు ఆరేసే నైలాన్ తాడు విప్పి పెట్టుకుని ఉన్నాడు.

“బిడ్డా, దీన్ని పదహారు ఫీట్లు కొలువు. కచ్చితంగ ఉండాలె.”

“ఎందుకు?”

“ఒక పైపు పొడుగు గంతనే.”

ఆమె స్కేలుతో కొలిచి, రెండు చివర్లా ముడి వేసింది. ఇద్దరూ బాయి నోటికి కట్టిన గోడ దగ్గరికి వెళ్లారు. ఒకప్పుడు బొగ్గు డబ్బాలను పైకి లాగిన పట్టాల దారి ఇప్పుడు బస్తీ పెద్ద గల్లీ అయింది. గోడ నుంచి తిన్నగా పోతుంది. లోపలి దారి కూడా దాని కిందే తిన్నగా దిగుతుందని తాత చెప్పాడు.

“గోడ కాడ్నించి యాభై పైపులు సీదా. ఆడికి ఏడో లెవెలు, పక్కకు పోయే ఏడో దారి. ఆడ ఎడమకు తిరిగి ఇరవై రెండు పైపులు. పట్టుకో.”

ఆమె ముందు చివర, ఆయన వెనక చివర. ఒకసారి తాడు చాపితే ఒక పైపు. గల్లీలో కూర్చున్న ఆడవాళ్లు నవ్వారు.

“ఏంది రాయమల్లూ, ప్లాట్లు అమ్ముతున్నవా?”

ఆయన వినలేదు. నలభై తొమ్మిది. యాభై. ఎడమవైపు సందులోకి తిరిగారు. పదిహేను దగ్గర సమాజ్ మందిర్ కనబడింది. ఇరవై దగ్గర దాని గోడ వెనక పక్కకు వచ్చారు. ఇరవై రెండో పైపు మందిర్ వెనక ఖాళీ జాగాలో, గోడకు పన్నెండు ఫీట్ల అవతల తుమ్మచెట్టు కింద ముగిసింది.

తాత ఆ చెట్టు మొదట్లో కూలబడ్డాడు. రుమాలుతో ముఖమంతా తుడుచుకున్నాడు. నిన్నటి నుంచి ఆయన నవ్వడం ఆమె చూసింది అప్పుడే.

“బయటనే ఉన్నది. తల్లి కాపాడింది. బయటనే ఉన్నది.”

“ఏది తాతా?”

“ఖాళీ.”

ఆమెకు అర్థం కాలేదు. కానీ ఇంకొకటి గుర్తొచ్చింది.

“తాతా, లోపల దారి ఏటవాలు గదా. ఎంత వాలు?”

“నాలుక్కొకటి. ముందుకు నాలుగు ఫీట్లు పోతే కిందికి ఒకటి.”

“అయితే నీ యాభై పైపులు వాలు మీద పరిచినవి. మనం సాఫు నేల మీద కొలిచినం. మీద అంత దూరం రాదు.”

లెక్కల సారు త్రిభుజాల పాఠం చెప్పినప్పుడు, పరీక్షలో నాలుగు మార్కులకు తప్పక వస్తుందన్నాడు. అంతకుమించి ఎందుకో చెప్పలేదు, వాళ్లూ అడగలేదు. సుభాషిణి సంచిలోంచి నోటుబుక్కు తీసి అక్కడే మోకాళ్ల మీద పెట్టుకుని లంబకోణ త్రిభుజం గీసింది. నాలుగు, ఒకటి. పదిహేడుకు వర్గమూలం. రెండుసార్లు చేసింది. జవాబు మారలేదు. నేల మీద యాభై కాదు, నలభై ఎనిమిదిన్నర.

“ఒకటిన్నర పైపు వెనక్కి రావాలె తాతా. బాయి నోటి దిక్కు.”

బాయి నోటి దిక్కున సమాజ్ మందిర్ ఉంది. ఆమె తాడు చివర చెట్టు మొదట్లో పెట్టమని తాతకు ఇచ్చి నడిచింది. ఒక పైపు పూర్తికాకుండానే గోడ తగిలింది. మిగిలినది గోడకు అవతల, లోపల. ఆ గోడకున్న కిటికీలోంచి వైశాలి తల దువ్వుకుంటూ కనిపించింది.

“ఏం ఆట గ అది?” అని అరిచింది వైశాలి.

సుభాషిణి వెనక్కి తిరిగి చూస్తే తాత తాడు వదిలేశాడు.

“నువ్వు ఏం చేసినవ్ తాతా?”

ఆయన చెప్పాడు. బొగ్గు తీసేశాక కింద మిగిలే ఖాళీని ఇసుకతో నింపాలి. మీది నుంచి నీళ్లు కలిపిన ఇసుక పైపులో దిగుతుంది. పైపు చివర నిలబడే మనిషి, నిండగానే గంట తీగ లాగాలి. మూడుసార్లు గంట కొడితే నిండిందని అర్థం. మీదివాళ్లు ఇసుక ఆపేసి కాగితంలో రాసుకుంటారు. ఏడో లెవెల్లో ఆ మనిషి రాయమల్లు.

“ముప్పై ఏండ్లాయె. సమ్మక్క జాతరకు పోవాలె. గ్యాంగు అంత మనోళ్లమే. పొద్దుగాల నాలుగింటికి లారీ. పెండ్లాం పిల్లలు ఎక్కి కూసున్నరు. ఈడ పైపు జామయింది. జాము తీసి నింపాల్నంటే ఇంక రెండు షిఫ్టులు. పని చూసే సర్దారు గూడ లారీల వచ్చెటోడే. లోపల కనబడకుండ వెదురు తడక కట్టేసినం. గంట నేను కొట్టిన.”

“ఎన్ని?”

“మూడు.”

“తిరిగొచ్చినంక నింపలేదా?”

“వచ్చేసరికి తడక ముందట గోడ కట్టిన్రు. నిండిందన్న జాగకు మల్ల ఎవడు పోతడు బిడ్డా? ఆ ఏడు టైముకు పని అయిందని సేఫ్టీ వీక్‌ల మా గ్యాంగుకు బహుమానం గూడ ఇచ్చిన్రు.”

“ఏమిచ్చిన్రు?”

ఆయన ఆమె బడిసంచి వైపు చూశాడు. అందులో మూడు గిన్నెల స్టీలు క్యారేజీ ఉంది. ఆరో తరగతి నుంచి ఆమె రోజూ అందులోనే అన్నం తీసుకెళ్తోంది. మూత మీద చెక్కిన అక్షరాలు తెలుగులో కావు, హిందీలో ఉన్నాయి. ఆమె వాటిని వందసార్లు చదివింది. ‘సురక్షా’ అని ఉంటుంది.

ఆమె సంచి భుజం నుంచి దించింది.

“చెప్పాలె తాతా.”

“ఎట్ల చెప్పుదు? ఈ మొఖం పెట్టుకొని?”

“వైశాలి పండుకునేది ఆ కిటికీ కింద్నే.”

ఆయన చాలాసేపు తుమ్మచెట్టు బెరడు గిల్లుతూ కూర్చున్నాడు. తర్వాత ఆమె భుజం పట్టుకుని లేచాడు.

మందిర్‌లో పదమూడు కుటుంబాలు పదమూడు చాపలు. అనసూయమ్మ చిక్కుడుకాయ తుంచుతోంది. ప్రహ్లాద్ ఫ్యాను కింద కాళ్లు చాపుకుని ఫోను చూస్తున్నాడు. రాయమల్లు గడప దాటలేదు. అలవాటు ప్రకారం ముందు పైకప్పు చూశాడు. ఆ తర్వాత నేల చూశాడు.

“ఈడ ఉండొద్దు. అందరు లేవున్రి. దీని కింద ఖాళీ ఉన్నది.”

“ఏం కాకా, సమ్మక్క కలల కొచ్చిందా?” అన్నాడు ప్రహ్లాద్. “ఆఫీసోళ్లు పెట్టిన్రు మమ్మల్ని ఈడ. కంప్యూటర్ల చూసి పెట్టిన్రు.”

“కంప్యూటర్ల నేను కొట్టిన గంటనే ఉంటది.”

మొత్తం చెప్పాడు. లారీ, పైపు, తడక, గంట. గొంతు ఎక్కడా పెరగలేదు, తగ్గలేదు. మధ్యలో ఒకరిద్దరు నవ్వబోయి ఆగిపోయారు. చెప్పడం అయ్యాక ప్రహ్లాద్ లేచి నిలబడ్డాడు.

“అంటే తెలిసి మా కింద గుంత పెట్టినవా? ముప్పై ఏండ్లు మా ఇంట్ల చాయ్ తాగుకుంట?”

“మీ కింద అని తెల్వదురా. బాయిల ఉన్నోనికి మీద ఏమున్నదో తెల్వది. చీకటి ఒక్కటే తెలుస్తది.”

“తెల్వదట! మా నాయిన గూడ అదే బాయిల పనిచేసిండు. ఆయన చేసిండా గిసొంటి పని?”

అనసూయమ్మ చేతిలోని చిక్కుడుకాయ చేటలో పెట్టింది.

“ఆ గ్యాంగుల మీ నాయిన గూడ ఉండె,” అంది.

ప్రహ్లాద్ తల్లి వైపు తిరిగాడు.

“నేను లారీల ముందటి సీట్ల కూసున్న. నువ్వు నా పక్కన. ఏడేండ్లోనివి. ఆకలని ఒకటే ఏడుపు. మూడున్నర దాటినా మనుషులు బాయిలకెల్లి వస్తలేరు. గేటు కాడి మనిషితోని కబురంపింది నేనే. పైపులు గియిపులు తర్వాత, ముందు పైకి రమ్మను, పోరడు ఏడుస్తుండని.” ఆమె రాయమల్లు వైపు చూసింది. “అందిందా ఆ కబురు?”

“అందింది వదినె.”

పైన ఫ్యాన్లు తిరుగుతున్నాయి. ఒక పసిబిడ్డ చాప మీద బోర్లా పడి అరచేతులతో నేలను చరుస్తోంది. తల్లి వంగి దాన్ని ఎత్తుకుంది. ప్రహ్లాద్ గోడ దగ్గరికి వెళ్లి ఫ్యాను బంద్ చేసి, చాప చుట్టడం మొదలుపెట్టాడు. ఆ తర్వాత అందరూ చుట్టారు.

సాయంత్రానికి బడిలో రెండు గదులు తెరిపించారు. అందులో ఒకటి పదో తరగతి. సుభాషిణీ వైశాలీ కూర్చునే బెంచి మీద ఎవరివో వంటగిన్నెలు చేరాయి. సోమవారం నుంచి పాఠాలు వరండాలో.

క్యారేజీ ఆ రోజు నుంచి అటక మీద ఉంది. సుభాషిణి ప్లాస్టిక్ డబ్బాలో అన్నం తెచ్చుకుంటోంది. వాళ్లమ్మ స్వరూప ఎందుకని అడగలేదు.

వారం గడిచింది. సమాజ్ మందిర్‌కు ఏమీ కాలేదు. గోడకు బీట కూడా పడలేదు. దాంతో మాటలు మొదలయ్యాయి. గదిలో దోమలు, ఫ్యాను ఒకటే, బాత్రూముకు వరస. ప్రహ్లాద్ ఆటో ఆపి మరీ అడిగేవాడు.

“కాకా, మందిర్ ఇంక నిలబడే ఉన్నది. లెక్క మల్ల చేయిద్దామా?”

రాయమల్లు రోజూ పొద్దున వెళ్లి దూరం నుంచి మందిర్‌ను చూసి వచ్చేవాడు. వరండాలో పాఠం వింటూ సుభాషిణి కూడా అటే చూసేది. ఒకరోజు చరిత్ర పాఠం మధ్యలో, అది ఇప్పుడు కూలిపోతే బాగుండును అనుకుంది. కూలితే తాతను ఎవరూ ఏమీ అనరు. అలా అనుకున్నది తానేనని తెలిసేసరికి పుస్తకంలోకి తల వంచేసింది. పదిహేనేళ్లుగా తాను ఎరిగిన సుభాషిణి అలాంటిది కాదు.

తొమ్మిదో రోజు ఆఫీసు నుంచి మురళీధర్ అనే ఇంజనీరు వచ్చాడు. ఆంధ్ర నుంచి కొత్తగా బదిలీ అయి వచ్చిన మనిషి. పాత మ్యాపు తెచ్చి మందిర్ గట్టు మీద పరిచాడు. ఏడో లెవెలు మొత్తం పసుపు రంగులో ఉంది.

“పెద్దాయనా, ఇక్కడ పూర్తిగా నింపేసినట్టే ఉందండీ. చూడండి, తేదీ కూడా వేశారు.”

“ఆ తేదీనాడు గంట కొట్టింది నేనే సార్.”

ఇంజనీరు మ్యాపు చుట్టబోయి ఆగాడు. సుభాషిణి నోటుబుక్కు అడిగి తీసుకున్నాడు. త్రిభుజం చూశాడు. తన మ్యాపు మీద స్కేలు పెట్టాడు. ఆ తర్వాత మూడో రోజు డ్రిల్లింగు లారీ వచ్చింది.

యంత్రాన్ని మందిర్ లోపలికి తేలేక, గోడ పక్కన కిటికీ కింద నిలబెట్టారు. బస్తీ అంతా చుట్టూ కట్టిన తాడుకు ఇవతల నిలబడింది. ప్రహ్లాద్ ఆటో పైకెక్కి కూర్చున్నాడు. ఒక్కో రాడ్డు పది ఫీట్లు. ఒకటి దిగగానే దానికి ఇంకొకటి బిగిస్తున్నారు. రంధ్రం పక్క నుంచి బూడిదరంగు నీళ్లు పైకి పొంగుతున్నాయి. తాత పెదవులు కదులుతున్నాయి.

“ఎన్నో రాడ్డు దగ్గర తాతా?” అంది సుభాషిణి చెవిలో. “నా లెక్కల నూట తొంభై నాలుగు ఫీట్లు వచ్చింది.”

“అది అడుగు. కప్పు పది ఫీట్ల మీదుంటది.”

పదహారు. పదిహేడు. పద్దెనిమిది. అప్పటికి జనంలో సగం మంది ఇళ్లకు వెళ్లిపోయారు. పంతొమ్మిదో రాడ్డు సగం దిగింది.

ముందు నీళ్లు ఆగిపోయాయి. పైకి పొంగుతున్నవి ఒక్కసారిగా రంధ్రంలోకే వెళ్లిపోయాయి, ఎవరో కింద నోరు పెట్టి పీల్చినట్టు. ఆ వెంటనే రాడ్డు జారింది. తొలిచే చప్పుడు లేదు, రాపిడి లేదు. యంత్రం మోత మారిపోయింది. డ్రిల్లరు అరుస్తూ హ్యాండిల్ మీద పడ్డాడు. మొత్తం బరువు గొలుసుకు వేలాడి ఊగింది.

ఎవరో యంత్రాన్ని ఆపేశారు.

రంధ్రంలోంచి చల్లని గాలి వచ్చింది. తాడుకు ఇవతల ఉన్నవాళ్లకు కూడా తగిలింది. తడి వెదురు కుళ్లిన వాసన. వైశాలి కిటికీ వైపు చూసి, సుభాషిణి చెయ్యి దొరకపుచ్చుకుంది. ఆటో మీది నుంచి ప్రహ్లాద్ దిగడం మరిచిపోయాడు. అనసూయమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. తన లెక్క సరిపోయిందని సుభాషిణికి గుర్తే రాలేదు. ఆ గోడకు అవతల పదమూడు చాపలే కనిపించాయి.

ఊరి రెవెన్యూ లెక్కలు చూసే తలాఠీ వచ్చి పంచనామా రాయాలన్నాడు. మరాఠీలో రాయాలి. ఇంజనీరుకు మరాఠీ రాదు, తాతకు రాదు. తలాఠీకి తెలుగు రాదు. పెన్ను సుభాషిణి చేతికి వచ్చింది. తాడుకు ఇవతల నేల మీద కూర్చుని తాత చెప్పింది చెప్పినట్టు రాసింది. నింపకుండానే నిండిందని గంట కొట్టాను. రాశాక తెలుగులో చదివి వినిపించింది. ఆయన వంగి సంతకం పెట్టాడు.

ఇంజనీరు కాగితం అందుకోబోయాడు. తాత పెన్ను ఇవ్వలేదు.

“ఇంకో కాగితం ఉన్నదా సార్?”

“ఇంకెందుకండీ? అంతా రాసేశారుగా.”

“జాతర రెండేండ్లకోసారి వస్తది సార్.”

ఇంజనీరు తన చేతిలోని మ్యాపు వైపు చూశాడు. ఏడో లెవెలు కింద ఎనిమిది, తొమ్మిది, పది. అన్నీ పసుపు రంగే.

“మొత్తం ఎన్ని?” అన్నాడు.

“నేను కొట్టినయి నాలుగు. నోటీసు విన్నంక, ఈడ ఒక్కటే ఇండ్ల దిక్కు వస్తదనుకున్న. మిగిలిన మూడింటి మీద ఏమున్నదో నాకు తెల్వది.”

సుభాషిణి తాత ముఖం వైపు చూడలేదు. నోటుబుక్కులో కొత్త పేజీ తిప్పి, పైన పదిహేడు వర్గమూలం వేసుకుంది.

“చెప్పు తాతా,” అంది. “ఎన్ని పైపులు సీదా?”